కమిటీకి వండిపెట్టిన చెయ్యి

మా అత్తయ్యగారు పోయారని ఊరి నుంచి ఫోనొచ్చేటప్పటికి నేను రాజమండ్రిలో పాఠాలు చెప్పే బడికి తయారవుతున్నాను. నిద్రలోనే పోయారట. "ఎవర్నీ ఇబ్బంది పెట్టలేదమ్మా" అని అక్కడివాళ్ళు నాకు ధైర్యం చెప్పారు. నిజమే, ఆవిడ ఎవర్నీ ఇబ్బంది పెట్టే మనిషి కాదు. ఇన్నేళ్ళూ తనని తానే కష్టపెట్టుకున్నారు. ఎందుకో మీకు చెప్పాలి.

ఊళ్ళోకి ఏ ఆఫీసరు వచ్చినా భోజనం మా మావయ్యగారింట్లోనే. వచ్చినవాళ్ళు ముందు తినాలి, ఏ పనైనా తర్వాతే. అది మా వైపు మర్యాద. "కడుపు నిండితే మనిషి కాస్త మెత్తబడతాడమ్మాయ్, మన మాట వింటాడు" అనేవారు అత్తయ్యగారు.

తొంభైల్లో ఒక తుఫానుకి మురుగు కాలవ గట్టు తెగింది. చేలన్నీ మునిగాయి. ఆ ముందు వేసవిలోనే కట్టిన గట్టు! మట్టి బదులు లోపల ఇసక పోశారని ఊరంతా గోల. తప్పెవరిదో తేల్చడానికి కమిటీ వేశారు. అప్పుడు నేను కొత్త కోడల్ని. పెద్దవాళ్ళొస్తున్నారు, తేల్చేస్తారని నమ్మాను.

అత్తయ్యగారు పనసపొట్టు కూర, బొమ్మిడాయిల పులుసు చేశారు. ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెప్పించారు. మా పనావిడ పొద్దున్నించీ రుబ్బుతూనే ఉంది. ఆవిడ ఇల్లు ఆ గట్టు కిందే. జీపుల్లో వచ్చినవాళ్ళు విస్తళ్ళ ముందు కూర్చోగానే వంటింట్లోకి వచ్చి, "అమ్మగారండీ, ఆళ్ళని ఓపాలి మా ఇంటెనక్కి తీసుకెళ్ళమనండి. ఇసక అక్కడ బాగా కనపడద్ది" అంది.

"అన్నం ముందు కూర్చున్నవాళ్ళని లేపుతామేంటే? తిన్నాక వెళ్తారులే" అన్నారు అత్తయ్యగారు.

తిన్నారు. అడిగి మరీ వడ్డించుకున్నారు. కిళ్ళీలు వేసుకుని పడక్కుర్చీల్లో ఒరిగారు. లేచేసరికి వాన పట్టుకుంది. ఒకాయన అరుగు మీంచే చెయ్యి చూపించి "గట్టు అటేనాండీ?" అన్నాడు. "అటేనండి" అన్నారు మావయ్యగారు. జీపులు వెళ్ళిపోయాయి. వాన ఎక్కువ కురవడమే కారణమని రిపోర్టు వచ్చింది. వానకి మెమో ఇవ్వలేరు కదా! ఆ కట్టినవాళ్ళే మళ్ళీ వచ్చి ఆ ఇసకతోనే గండి పూడ్చారు.

మరుసటి ఏడు అక్కడే తెగింది. పనావిడ ఇల్లు కూలి ఆవిడ భర్త పోయాడు.

మళ్ళీ కమిటీ. ఈసారి అత్తయ్యగారు పొయ్యి వెలిగించలేదు. "నా పరువు తీస్తావా?" అని మావయ్యగారు చిందులు తొక్కారు. "ముందు గట్టు చూసి రమ్మనండి" అని వంటింటి గడప మీద అడ్డంగా కూర్చున్నారావిడ. వెళ్ళారు పాపం, ప్యాంట్లు పైకి మడుచుకుని. ఫొటోలు కూడా తీసుకున్నారు. ఊరివాళ్ళు ఇసక గుప్పెట్లతో తీసి చూపించారు. రిపోర్టు వచ్చింది. తప్పు మళ్ళీ వానదే.

నాకు ఒళ్ళు మండిపోయింది. "చూశారా అత్తయ్యగారూ! తిన్నా ఒకటే, తినకపోయినా ఒకటే. రాసేది వాళ్ళు ముందే అనుకుని వస్తారు. ఇందులో మీ తప్పేముంది?" అన్నాను.

ఆవిడ బియ్యం ఏరుతున్నారు. తలెత్తలేదు. "వాళ్ళు రాసింది వాళ్ళ పాపం. ఆ రోజు అది వచ్చి అడిగితే, తిన్నాక వెళ్తారులే అన్నది నేనేగా" అన్నారు.

ఎంతమంది సంతకాలు పెట్టిన పనండీ అది! తప్పు నాది అన్నది మాత్రం వంట చేసిన ఈవిడొక్కరే.

అప్పట్నుంచీ పనావిడ తినందే తను ముద్ద ముట్టేవారు కాదు. కూరలో మంచి ముక్కలు ఏరి ఆవిడకే వేసేవారు. కానీ ఇద్దరూ ఆ ఊసు ఎన్నడూ ఎత్తలేదు. నాకదే బాధ. ఒక్కసారి కూర్చుని ఏడ్చినా బావుండేది. నేనైనా కూర్చోబెట్టి మాట్లాడించాల్సింది.

శ్మశానానికి దారి ఆ గట్టు మీంచే. ఈ వానలకి మళ్ళీ గండి పడింది. కమిటీ వేస్తారట. ఆడవాళ్ళం వీధి చివర, గట్టు మొదట్లోనే ఆగిపోయాం. పాడె మోసేవాళ్ళు గండిలోకి, మోకాల్లోతు నీళ్ళలోకి దిగారు. ఒకతని కాలు జారింది. పక్కనున్న పనావిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "జాగర్త నాయనా, అమ్మగారు తడిసిపోతారు!" అని కేకేసింది. పాడె ఓ పక్కకి ఒరిగి, మళ్ళీ నిలదొక్కుకుని, మెల్లిగా అవతలి గట్టెక్కింది.