నానమ్మ నోటి పేరు

నాకు రెండు పేర్లు. బడిలో రాయించింది ఒకటి, చర్చిలో పెట్టింది ఇంకొకటి. మావైపు క్రైస్తవుల ఇళ్లలో ఇది మామూలే. ఆఫీసులో, బ్యాంకులో, గది అద్దెకిచ్చినవాళ్ల దగ్గర బడి పేరే చెల్లుతుంది. చర్చిలో పెట్టిన పేరు హన్నా. ఆ పేరుతో నన్ను పిలిచింది నానమ్మ ఒక్కతే. అమ్మానాన్నలు నా చిన్నతనంలోనే పోతే, ఝరాసంగం దగ్గర మా ఊళ్లో నన్ను సాకింది ఆమే. పోయిన వానాకాలం ఆమె కూడా చనిపోయింది. అప్పటినుంచి నన్ను ఆ పేరుతో పిలిచేవాళ్లు లేరు.

చిన్నప్పుడు ఆ పేరంటే నాకు ఒళ్లు మంట. తోటిపిల్లల పేర్లలో పువ్వులు, నదులు, దేవతలు ఉండేవి. నాది ఏమిటో నాకే తెలియదు. అలిగి అడిగితే, కంది చేలో కలుపు తీస్తున్న నానమ్మ తల ఎత్తకుండానే చెప్పింది.

"హెబ్రీ మాటట. దయ అని అర్థమని పాస్టరయ్య చెప్పిండు. ఇంట్ల ఇంకేం లేకున్నా నువ్వున్నవ్ గద. గందుకే పెట్టిన."

పెద్దయ్యాక ఆ పేరులోని సుఖం తెలిసింది. ఒక్క ఊపిరిలో అయిపోతుంది. చేను ఆ చివరినుంచి పిలిచినా చెదరదు. పళ్లన్నీ ఊడి, ఎవరైనా అడిగితే నా బడి పేరు పలకలేక నానా తిప్పలు పడిన రోజుల్లో కూడా నానమ్మ నోట ఇది సాఫీగా వచ్చేది. రోజూ అన్నానికి ముందు ఆమె పైకే ప్రార్థన చేసేది. వాన, మేకలు, మోకాళ్ల నొప్పి, అన్నీ అయ్యాక చివరికి నా వంతు.

"నా హన్నాను జర సూడు నాయినా."

ఇప్పుడు జహీరాబాద్‌లో హైవే పక్కన ఒక గదిలో ఉంటున్నాను. ఒంటరిగా అనిపిస్తుందని చెప్పుకోవడానికి సిగ్గెందుకు, అనిపిస్తుంది. కంచంలో అన్నం పెట్టుకున్నాక కూడా ఆ మాట కోసం కాసేపు ఆగుతాను. బయట లారీలు పోతుంటాయి. అన్నం చల్లారిపోతుంది.

మొన్న ఆదివారం టౌన్ చర్చిలో, ఎవరికి వారు పైకి ప్రార్థించుకునే వేళ, పక్కన కూర్చున్న పెద్దావిడ నా చేయి పట్టుకుంది.

"నీ పేరేంది బిడ్డా? నీ కోసం గూడ అడుగుత."

అలవాటుకొద్దీ బడి పేరు చెప్పేశాను. ఆమె కళ్లు మూసుకుని, ఆ పేరుతోనే నాకు ఆరోగ్యం ఇయ్యమని, మంచి సంబంధం చూడమని బతిమాలడం మొదలుపెట్టింది. ఎంత మంచి మనిషో. నాకు ముందు నవ్వొచ్చింది, వెనకే ఏడుపొచ్చింది. ఇన్నేళ్లూ నానమ్మ పైకి పంపింది వేరే పేరాయె. ఈ కొత్త పిల్ల ఎవరని పైనున్నాయన అనుకోడా?

ఆమెను ఆపి అసలు పేరు చెబుదామనుకున్నాను. అంత మనసుపెట్టి అడుగుతున్న మనిషిని మధ్యలో ఆపబుద్ధి కాలేదు. అందరి గొంతుల మధ్య, నా హన్నాను జర సూడు నాయినా అని నేనే అనుకున్నాను. పెదవులు మాత్రమే కదిలాయి. మా ఇంట్లో ఆ మాట అనడానికి ఇక నేనొక్కదాన్నే ఉన్నాను.