నాలుగింతల మన్ను

ఏసన్న గురించి వాళ్ల ఊళ్లో ఎవరినడిగినా ఒకటే చెబుతారు. చదువు అబ్బలేదు, చేతిపని అబ్బింది, అంతా పైవాడి చిత్తం. అతని తల్లి విశ్వాసమ్మదీ అదే మాట. ఆమెను తప్పుపట్టను, ఆమెకు తెలిసింది అంతే. నాకు ఇంకొంచెం తెలుసు. ఈ వ్యవహారంలో పైవాడి ప్రమేయం ఏమీ లేదు.

ఏసన్నది ఆలూరు దగ్గర పల్లె. తండ్రి ఏసేపు బావులు తవ్వే కూలీ. కొడుకు కర్నూలు మిషన్ బోర్డింగులో ఉంటూ మాతోపాటు హైస్కూల్లో చదివాడు. వేసవి సెలవుల్లో మేం తుంగభద్ర ఇసుకలో పుచ్చకాయలు తింటూ తిరుగుతుంటే అతను తండ్రి వెంట మట్టితట్టలు మోసేవాడు. చదువులో సగటువాడు, లెక్కల్లో అంతకంటే ఒక మెట్టు కింద. లెక్కల్లో క్లాసుకు మొదటివాణ్ని నేను.

1951 మార్చిలో, ఒక శుక్రవారం, ఎస్సెల్సీ లెక్కల పరీక్ష రాసి బయటికొచ్చాం. పదిమంది నా చుట్టూ మూగారు. మా క్లాసులో జవాబులు సరిచూసుకోవడమంటే నా జవాబు వినడమే. నేను చెప్పగానే గోపన్నలాంటి వాళ్లు “నాదీ అంతే” అనేవాళ్లు; ఆ అంకె వాళ్ల కాగితంలో ఉందో లేదో దేవుడెరుగు. ఏసన్న మాత్రం ప్రశ్నాపత్రం వెనక పెన్సిలుతో నిజాయితీగా మార్కులు కూడుకుంటున్నాడు. పాసుకు ముప్పయ్యైదు కావాలి. బావి లెక్క వదిలేస్తే అతనికి ఇరవై తొమ్మిది. బావి లెక్కకు ఎనిమిది.

పద్నాలుగు అడుగుల వ్యాసం, ముప్పై అడుగుల లోతు ఉన్న గుండ్రటి బావి తవ్వితే ఎంత మన్ను వస్తుంది? పద్దెనిమిది వేల నాలుగు వందల ఎనభై ఘనపుటడుగులన్నాను. ఏసన్నకు వచ్చింది నాలుగు వేల ఆరు వందల ఇరవై.

“అంత మన్ను యాడుంటాదప్పా ఆ బావిలో? అది పోస్తే మా పేట పూడిపోతాది,” అన్నాడు.

“ఇది లెక్క. మీ నాయన తవ్విన బావి కాదు,” అన్నాను.

అందరూ నవ్వారు. తట్టలు లెక్కపెట్టి రాసినావా ఏమని గోపన్న ఎగతాళి చేశాడు. ఏసన్న తనూ కాస్త నవ్వి, ఎనిమిది మార్కుల మీద పెన్సిలుతో గీత కొట్టేశాడు. ఒక్క సబ్జెక్టు పోతే పరీక్ష మొత్తం పోయినట్టే. ఇంకా సోమవారం సోషల్ స్టడీస్ మిగిలి ఉంది.

శనివారం పొద్దున మా నాన్నకు గొప్పగా చూపిద్దామని బావి లెక్క మళ్లీ వేశాను. అప్పుడు కనబడింది. వ్యాసాన్ని సగం చేయడం మరిచిపోయాను. నా మన్ను అసలుకు నాలుగింతలు.

ఆ సాయంత్రం బోర్డింగుకు పోయాను. చెప్పడానికే పోయాను, అంతవరకు నిజం. ఏసన్న ట్రంకుపెట్టెకు తాడు కడుతున్నాడు. తండ్రి ఒక్కడే పనిచేస్తున్నాడని, ఆదివారం బస్సుకు వెళ్లిపోతానని చెప్పాడు. గదిలో మూడో మనిషి లేడు. పదిమంది ముందు పరువుపోతుందని జంకానని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు.

“సోమవారం రాయవా?”

“రాసి ఏం చేయాల? లెక్కలు పోయె గదా.”

మాట నోటిదాకా వచ్చింది. క్లాసుకు మొదటివాణ్ని; ఆ ఒక్క ముక్క అడ్డొచ్చింది. సెప్టెంబరులో మళ్లీ రాయొచ్చులే అన్నాను. అతను తలూపి, తాడు రెండో కొస పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను.

ఫలితాలొచ్చాయి. ఏసన్నకు లెక్కల్లో ముప్పయ్యేడు. సోషల్ స్టడీస్‌కు హాజరు కాలేదు. సెప్టెంబరు రాకముందే ఏసేపు మీద బావి ఒడ్డు విరిగిపడి నడుము పోయింది. తండ్రి గడ్డపార కొడుకు చేతికొచ్చింది. నేను కాలేజీలో చేరాను, ఆ తర్వాత యూనివర్సిటీకి వెళ్లాను. ఆలూరు బస్సు మాత్రం చాలాకాలం ఎక్కలేదు.

ఎక్కింది 1958లో, బ్లాకు ఓవర్సీరుగా చేస్తున్న మిత్రుడి వెంట, కొత్తగా తవ్విస్తున్న బావి చూడటానికి. అక్కడి మేస్త్రీ లెక్కను తన టేపుకంటే ఎక్కువ నమ్ముతానని దారి పొడవునా చెప్పాడు. మేస్త్రీ ఏసన్నే. పదిమంది కూలీలు అతని మాట మీద నడుస్తున్నారు. నన్ను చూసి ముందు “సారూ” అన్నాడు, తర్వాత “అప్పా” అన్నాడు. పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. మిత్రుడు కూలీల హాజరు చూసుకోవడానికి పోగానే చెప్పేశాను: ఆ లెక్క నీదే సరి.

“నాది సరేనని ఆ పొద్దే తెలుసప్పా,” అన్నాడు ఏసన్న. “బావి నాకు తెలీదా? అయితే పేపరు దిద్దేది మీలాంటోళ్లే గదా అనుకున్నా.”



మళ్లీ తనే, కోపమేమీ లేకుండా అడిగాడు: “నీకెప్పుడు తెలిసింది?”

“ఫలితాలొచ్చినాక,” అన్నాను.

“అట్లయితే దాంట్లో నీ తప్పేముండాదప్పా,” అన్నాడు.

ఏడేళ్లకు దొరికిన రెండో అవకాశం. ఆ మాటనూ నేను దిద్దలేదు.