మామ ఆగిన చోట

నాకు నాటకం పిచ్చి. అది ఎంత ముదిరిందంటే, సూళ్లూరుపేట దగ్గర ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి, బస్సులో నిలబడి, గొంతు లోపలే పద్యాలు పాడుకునేవాణ్ణి. పక్కనున్నవాళ్లు నాకు పంటినొప్పి అనుకునేవారు. అనుకోనీ! మా ఊరి నాటక సమాజంలో అప్పటిదాకా నాకు దక్కినవి భటుడి వేషం, సారథి వేషం. నాకు కావలసిందేమో రాకుమారుడు. శత్రురాజు కూతుర్ని ప్రేమించి, వెన్నెల తోటలో ఆమె కోసం పద్యం పాడే రాకుమారుడు. తాతల కాలం నుంచి ఆడుతున్న ఆ నాటకాన్ని మా వైపు తోట నాటకం అంటారు.

ఆ వేషం మామది. మా అమ్మకు పెదనాన్న కొడుకు. జుట్టుకు రంగేసుకుని, నడుముకు పట్టీ బిగించి, ఆ వయసులోనూ రాకుమారుడంటే ఆయనే అన్నట్టు నిలబడేవాడు. ఈ వేసవిలో స్కూటరు మీంచి పడ్డాడు. పుత్తూరులో కాలికి కట్టు కట్టించుకుని మంచమెక్కాడు. తిరుపతిలో నాటక పోటీలకు అప్పటికే పేరిచ్చేశాం. హార్మోనియం వాయించే మా అయ్యవారే సమాజానికి పెద్ద. ఆయన నన్ను పిలిచాడు.

“సూడప్పా, ఒక్క అవకాశం ఇస్తా. తిరుపతిలో తోట పద్యం నిలబడిందా, ఇంగ వేషం నీది. లేదంటే వచ్చే తడవకి నెల్లూరు నుంచి హీరోని పిలిపిస్తా. మళ్లా నా మీద అలగొద్దు.”

“అలగను” అన్నాను. పచ్చి అబద్ధం.

మా సమాజంలో పద్యాన్ని కాగితం చూసి నేర్చుకోరు, పాడేవాణ్ణి విని నేర్చుకుంటారు. మామ పాడిన తోట పద్యం నా ఫోన్లో ఉంది. మూడో పాదం సగంలో ఆయన ఆగేవాడు. చేయి గుండె మీద పెట్టుకుని ఆకాశంలోకి చూసేవాడు. ఆ సందులో అయ్యవారు హార్మోనియం మీద చిన్న స్వరం తిప్పేవాడు. ఆ తర్వాత మామ మిగతా సగం అందుకునేవాడు. జనం చప్పట్లు కొట్టేది సరిగ్గా అక్కడే. నేను దాన్ని అచ్చు దించేశాను. ఆగడం, చేయి, చూపు, అన్నీ. అద్దం ముందు నన్ను చూసి మా అమ్మ “మా అన్నే వచ్చి నిలబడినట్టుండాది” అంది. పొంగిపోయాను.

నాయిక వేషం కట్టే ఆడవాళ్లు మా ఊళ్లో లేరు. బయటి నుంచి పిలుస్తాం. ఆమె ఆట రోజు పొద్దున బస్సు దిగి ముఖానికి రంగేసుకుంటుంది, అంతే. కలిసి రిహార్సలు చేయడమనేది ఉండదు. అలా నా ప్రేయసిని నేను మొదటిసారి చూసింది తిరుపతిలో హాలు వెనక, ఇడ్లీ తింటుండగా. కాళహస్తి నుంచి వచ్చింది. మా అమ్మ ఈడు. దండం పెట్టి “అక్కా” అన్నాను.

“ఈడ అక్కా అంటే సరే. స్టేజీ మీద నోరు జారొద్దు నాయనా” అని నవ్వింది. “ఏదీ, తోట పద్యం ఒక తూరి పాడు.”

పాడాను. మూడో పాదంలో ఆగాను, గుండె మీద చేయి పెట్టుకుని. ఆమె ఇడ్లీ పొట్లం పక్కన పెట్టి కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది.

“ఏం తప్పు పాడినాను?”

“తప్పేం లేదు. మీ మామ ఆయాసం గూడా నేర్చుకుని వచ్చినావే, దానికి నవ్వొచ్చింది.”

“ఆయాసమేంది?”

“ఆడ ఆయనకు దమ్ము సాలదు నాయనా. నేను మొదట ఆయన పక్కన కట్టినప్పుడు ఆ పాదమంతా ఒకే గుక్కలో లాగేవాడు. ఎదురుగా నిలబడిన నాకు గుండె ఝల్లుమనేది. దమ్ము తగ్గినాక ఆగడం మొదలుపెట్టినాడు. దాన్నే అందంగా సర్దుకున్నాడు, అది ఆయన గొప్ప. నీకేం రోగమని ఆగుతా ఉండావు?”

పరుగున పోయి అయ్యవారికి చెప్పాను. ఆయన కసిరాడు. “గమ్మునుండప్పా! మీ మామ ఎట్ల పాడినాడో అట్లే పాడు. జనం సప్పట్లు కొట్టేది ఆడనే కదా.”

అంతకంటే పెద్ద చిక్కు ముందు వరసలో కూర్చుని ఉంది. చేతికర్ర పట్టుకుని మామ కారులో వచ్చేశాడు. ఆయన ఎదురుగా ఆగకుండా పాడితే, నీకు దమ్ము పోయిందని నలుగురిలో చెప్పినట్టే కదా. ఆగి పాడదామా అంటే, తెలిశాక మనసొప్పడం లేదు.

మా ఆట పొద్దున పది గంటలకు పడింది. వెన్నెల తోటలోకి పక్క తలుపులోంచి ఎండ కొడుతోంది. శ్రుతి అందుకుని పద్యం ఎత్తాను. రెండు పాదాలు బాగానే నడిచాయి. మూడో పాదంలో మామ వైపు చూశాను. ఆయన కూడా నాతో పాటు పెదవులు కదుపుతున్నాడు. ఆ చోటు రాగానే పెదవులు ఆగిపోయాయి. కుర్చీలో ఊరికే కూర్చున్న మనిషికి కూడా అక్కడ ఆయాసంతో రొమ్ము ఎగసిపడింది. నా లోపలేమో ఊపిరి నిండుగా ఉంది. లేదని నటించడం నావల్ల కాలేదు. ఒకే గుక్కలో లాగేశాను.

అలవాటుగా స్వరం తిప్పబోయిన హార్మోనియం తడబడి, నా వెనక పరుగెత్తుకొచ్చింది. అయ్యవారు నన్ను కొరికేసేలా చూశాడు. చప్పట్లు లేవు. ఒక్కటంటే ఒక్కటి లేదు. నెల్లూరు హీరో బస్సెక్కేశాడు అనుకున్నాను. కానీ ఎదురుగా నా నాయిక కళ్లు తడిశాయి, అది వేషం తడి కాదు. ఆ ధైర్యంతో నాలుగో పాదం ముగించాను. వెనక వరసల్లోంచి ఎవరో “వన్స్‌మోర్!” అని అరిచారు. ఇంకొకరు, తర్వాత హాలు సగం. అయ్యవారు నా ముఖం చూడకుండానే మళ్లీ శ్రుతి పట్టాడు. ఈసారి ఆ స్వరం జోలికి పోలేదు.

తెర పడ్డాక మామ కర్ర ఊనుకుంటూ స్టేజీ వెనక్కి వచ్చాడు. నాకు భయమేసింది. కాళ్లకు మొక్కాను.

“నువ్వు ఆగే చోట ఆగలేదు మామా. కోపమొచ్చిందా?”

నాలుగు మెట్లెక్కినందుకే రొప్పుతున్నాడు. ఊపిరి కుదుటపడేదాకా నా భుజం పట్టుకుని నిలబడ్డాడు.

“ఆ పాదం అట్ల విని ఎన్నాళ్లయిందో రా” అన్నాడు.

తర్వాత అయ్యవారి వైపు తిరిగాడు. “వచ్చే ఆటకి ఆ పిల్ల నాయన వేషం నాకియ్యప్పా. సింహాసనం మీద కూర్చునే వేషం గదా. ఈ నా కొడుకుని తోటలోంచి మెడబట్టి గెంటేది నేనే.”