కృపాజ్యోతికి రెండు కిడ్నీలూ ఉన్నాయి

మా కృపాజ్యోతి ఒక కిడ్నీ తీయించుకుందని మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా నమ్ముతున్నారు. అది అబద్ధం. ఇంత గట్టిగా ఎలా చెబుతున్నానంటే, దాన్ని నమ్మినవాళ్లలో మొదటి వరుసలో కూర్చున్నది నేనే.

కృపాజ్యోతి మా పక్కింటి పెంటమ్మ కోడలు. సన్నటి పిల్ల. చందనవెల్లిలో ఒక కంపెనీలో ప్యాకింగ్ పని. పొద్దంతా నిలబడే చేయాలి. కొన్నాళ్లుగా నిలబడితే చాలు, కుడి పక్క పట్టుకుని వంగిపోయేది. పడుకుంటే నొప్పి మాయం. పడుకోబెట్టి తీసిన స్కానింగ్‌లో ఏమీ కనబడలేదు.

"పండుకుంటే పోయే నొప్పి నాకెందుకు రాదే?" అని పెంటమ్మ దెప్పేది.

నేను నాలుగో తరగతి దాకా చదివాను కదా, డాక్టర్లకు అందనిది నాకు అందింది. వాయువని తేల్చి వాము నమలమన్నాను.

చివరికి పట్నంలో ఒక డాక్టరమ్మ ఆమెను నిలబెట్టి స్కానింగ్ తీయించి, ఆపరేషన్ చేసింది. పెంటమ్మ చెవిన పడ్డది మాత్రం "కిడ్నీ ఆపరేషన్" అన్న ముక్కే. ఆదివారం చర్చిలో ప్రార్థన మనవులు చెప్పుకునే వేళ లేచి, "మా కోడలికి మిగిలిన ఒక్క కిడ్నీని కాపాడు తండ్రీ!" అని ఏడ్చింది. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది నేనే. ప్రార్థనలో విన్న మాటను ఎవరు అనుమానిస్తారు? మర్నాడు ఆ మాట కంపెనీ బస్సు ఎక్కింది. ఒక్క కిడ్నీ మనిషిని నిలబడే పనిలో పెట్టుకోలేమని సూపర్‌వైజర్ అన్నాడట.

ఆమె ఇంటికొచ్చాక చూడబోయాను. ఒకసారి పెరుగు తోడుకని, ఒకసారి కరివేపాకుకని. మా దొడ్డినిండా కరివేపాకే, అది వేరే సంగతి. బారెడు కోత ఉంటుందనుకుంటే పొట్ట మీద చిన్న చిన్న పట్టీలున్నాయి. అంత చిన్న సందులోంచి కిడ్నీ ఎలా బయటికి తీశారో తెలియక నాకు అన్నం సహించలేదు. ఇక ఆగలేక అడిగేశాను.

"బిడ్డా, నిజం చెప్పు. ఏ పక్కది తీసిండ్రు?"

ఆమె నవ్వబోయి, కుట్లు లాగితే పక్క పట్టుకుంది.

"ఏదీ తియ్యలే పెద్దమ్మా, రెండూ ఉన్నయి. కుడిదానికి నీ గుణమే. నేను లేచి నిలవడంగనే ఇల్లిడిసి కిందికి తిరగవోయేది. చిన్న తూట్లకెల్లి కెమెరా వెట్టి, దాన్ని మీదికి జరిపి, కదలకుంట కుట్టిండ్రు. నిన్నెట్ల కుట్టాల్నో ఆ డాక్టరమ్మకు గూడ తెల్వదు. నా డ్యూటీ నాకు గావాలె. ఆదివారం నువ్వే లేచి జర ఈ ముచ్చట చెప్పు, ఆ ఆమెన్ కంటె గట్టిగ!"