మామ కాటా కీబోర్డుకు నేను చేసిన వైద్యం

ఒక్క బకెట్ సబ్బునీళ్లతో మామ వ్యాపారం మూయించబోయిన ఘనుడిని నేను. ఎట్లాగో వినండి, నవ్వుకోండి. నేనూ ఇప్పుడు నవ్వగలుగుతున్నాను.

ఆదోని రోడ్డులో మా మామకు లారీలు తూచే కాటా ఉంది. అక్కడి కంప్యూటర్ పాతది. దాని కీబోర్డు ఇంకా పాతది. ఇటుకంత బరువు, ప్రతి మీట కిందా ఒక స్ప్రింగు, నొక్కితే వీధి చివరి దాకా టకటక. ఇప్పటి కీబోర్డులేవీ ఆ కంప్యూటర్‌కు అతకవు.

ఎమ్మిగనూరు మొత్తానికీ పాత కీబోర్డుల నిపుణుడిని నేనేనని అప్పట్లో నా నమ్మకం. చూసిన వీడియోలు లెక్కలేనన్ని, బాగుచేసిన కీబోర్డు ఒక్కటి, అదీ నాదే. మామ కీబోర్డు పచ్చగా కనబడగానే, ముసలిదైన ప్లాస్టిక్ ఇట్లాగే పచ్చబడుతుందని పాఠం చెప్పి, కడిగి కొత్తదానిలా చేసిస్తానన్నాను. మామ బుద్ధిగా తలూపాడు.

"పాడు సేయవు గదప్పా? పొద్దున పత్తి లారీలొస్తాయి. ఇది లేకుంటే అన్నీ పక్క కాటాకు పోతాయి," అన్నాడు.

పాడు చేయడమా, నేనా?

ఆదివారం మధ్యాహ్నం మామ ఇంటి పెరట్లో కూర్చుని, లోపలి పలకను పక్కన పెట్టి, మీటలూ పైడొప్పా సబ్బునీళ్లలో వేశాను. బ్రష్షుతో రెండు రుద్దులు రుద్దానో లేదో, అన్నీ ఎర్రబడ్డాయి. ఏ వీడియోలోనూ కీబోర్డు ఇట్లా నెత్తురు కక్కలేదు. ప్లాస్టిక్ కాలిపోతోందనుకుని బ్రష్షు పక్కన పడేశాను. హాలహర్వి మీదుగా కర్ణాటకలో దూరితే మామకు దొరకనేమోనని కూడా ఆలోచించాను.

అంతలో అత్త వచ్చి బకెట్లోకి చూసి, ఎవరికి దిష్టి తీస్తున్నావని అడిగింది. నా మొహం చూశాక ఆమెకే జాలేసింది.

"అది ముసలిదై పచ్చబడలేదప్పా. దసరా దసరాకీ మీ మామ పూసిన పసుపు. సబ్బు తగిలితే ఎర్రగాక ఇంగేమైతాది?"

పోయిన ప్రాణం లేచొచ్చింది. ఇద్దరం మంచినీళ్లతో కడిగి, సందుల్లోని కుంకుమనూ అక్షింతలనూ పుల్లతో గీకి, ఎండలో ఆరబెట్టాం. చివరికి చక్కటి బూడిద రంగు తేలింది. పలకను లోపల పెట్టి అన్నీ మళ్లీ బిగించాను.

తెల్లారి మొదటి లారీ కాటా ఎక్కింది. మామ కీబోర్డును తిప్పి తిప్పి చూశాడు.

"ఇది నాది కాదు. నాది పచ్చగుంటాది. యాడ పెట్టినావు దాన్ని?"

నేను దాన్ని కంప్యూటర్‌కు తగిలించాను. మామ అనుమానంగానే ఒక మీట నొక్కాడు. టక్కుమంది, తెర మీద అంకె పడింది.

"సప్పుడు మాత్రం నాదే," అని ఒప్పుకున్నాడు.

ఆ పత్తి లారీ సాక్షిగా అక్కడికక్కడే ప్రమాణం చేశాను. ఇకమీదట ఏ కీబోర్డు వయసు చెప్పాలన్నా, ముందు ఆ ఇంటి ఆడవాళ్లను దసరా ఎట్లా చేశారని అడుగుతాను.