బియ్యం సంచితో టియెకె అడవికి

మా అమ్మాయి మేఘన బడిలో టియెకె అనే ఇక్కడి పక్షి మీద ప్రాజెక్టు చేసింది. నల్లటి ఒళ్లు, వీపు మీద ఇటుకరంగు జీను వేసినట్టు ఒక పట్టీ. పిల్లులూ ఎలుకలూ ఆ పక్షిని దాదాపు తుడిచిపెట్టేశాయి. ఇప్పుడది దీవుల్లోనో, కంచె వేసిన అడవుల్లోనో తప్ప కనిపించదు. బొమ్మ గీసింది గానీ కంటితో చూడలేదు పిల్ల. అందుకే ఈ ప్రయాణం.

శనివారం చీకటితోనే హామిల్టన్‌లో, రోటోటూనాలోని ఇంటి నుంచి బయల్దేరాం. ఆక్లండ్ దాటి ఉత్తరానికి, సముద్రపు ఒడ్డు అడవికి మూడు గంటల డ్రైవ్. మధ్యలో హాబ్సన్‌విల్‌లో కాఫీకి ఆగితే ట్రాఫిక్ విసుగు కొంత తగ్గుతుంది. ప్రవేశం ఉచితం. వాలంటీర్లు వెంట ఉండి చూపించే పదింటి నడకకు మాత్రం ముందే పేరు ఇవ్వాలి. దారి పొడవునా నాది పాత ఉపన్యాసమే: అడవులు నరికి గొర్రెలు మేపిన తెల్లవాళ్లే ఇప్పుడు మనకు అడవి పాఠాలు చెబుతారని. "ముందు ఆ మ్యాప్ ఏం చెప్తుందో విననియ్యండి" అంది నా భార్య సునీత.

అడవి కంచె గేటు దగ్గర రెండు తలుపుల గది. ఒకటి మూశాకే రెండోది తెరుస్తారు. సంచులు అక్కడే విప్పాలి. అందరివీ బ్యాక్‌ప్యాకులు. మాది జిప్పున్న బాస్మతి బియ్యం సంచి. ఖాళీ అయినా పారేయడానికి మనకు మనసొప్పదు కదా, గరాజ్‌లో పడి ఉంటుంది. పొద్దున దాన్నే అందుకుని పులిహోర డబ్బా పెట్టేశాను.

"దీన్ని కూడా పూర్తిగా ఖాళీ చేయాలి" అంది డెబ్బై దాటిన తెల్లావిడ, అక్కడి వాలంటీరు.

నాకు మండింది. "అందరివీ ఖాళీ చేయించారా, మా సంచి చూశాకే అనుమానం వచ్చిందా?"

"అందరివీ చేయించాను. అప్పుడు మీరు ఫోన్‌లో ఉన్నారు."

"ఎయిర్‌పోర్టులోనూ ఇదే చెప్తారు."

"డాడీ, ప్లీజ్. జస్ట్ ఓపెన్ ఇట్" అంది మేఘన గొంతు తగ్గించి.

"నువ్వాగమ్మా. ఇది ప్రిన్సిపుల్."

"మీ ప్రిన్సిపుల్ ఇంటికెళ్లాక చూసుకుందాం" అని సునీత సంచి లాక్కుని బల్ల మీద తిరగేసింది.

పులిహోర డబ్బా దొర్లింది. వెనకే కొరికిన కాగితం పీలికలు, వాటిలోంచి ఒక చిట్టెలుక. బెంచీ కిందికి దూరిపోయింది.

అది దొరికేదాకా అడవి తలుపు తెరవరు. పదింటి నడక రద్దయింది. బయట వరుసలో ఉన్నవాళ్లంతా అద్దంలోంచి నన్నే చూస్తున్నారు. మేఘన గోడ వైపు తిరిగి నిలబడింది. "ఇందుకే ఈ గదిలో విప్పమంటాం" అంటూ ఆవిడ చీపురు నా చేతికిచ్చింది. మోకాళ్ల మీద కూర్చుని బెంచీల కింద వెతికాను.

ఎలుక దొరికాక, మధ్యాహ్నం లోపలికి పంపారు. మేఘన నాకు అందనంత ముందు నడిచింది. తిరుగు దారిలో కారులో అడిగాను.

"టియెకె కనిపించిందా?"

"హా. రెండు."

"నన్ను పిలవలేదేం మరి?"

"నువ్వు ఏదో ఒకటి ఆర్గ్యూ చేస్తావు డాడీ. ఎగిరిపోతాయని."

మన రంగు చూసి ఆపేవాళ్లు ఈ దేశంలో ఉన్నారు, ఆ మాట వెనక్కి తీసుకోను. కానీ ఆ రోజు నన్ను ఆపింది నా సంచి. నిజంగా అవమానాలు పడినవాళ్ల మాటను తెచ్చి, గరాజ్ దులపని నా బద్ధకానికి అడ్డం పెట్టుకున్నాను. రేపు ఎవరైనా నిజంగానే అవమానపడి నోరు తెరిస్తే, ఆ వరుసలో నిలబడ్డవాళ్లు నమ్ముతారా? ఎలుక కంటే నాకు ఎక్కువ సిగ్గనిపించేది అది.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట. బియ్యం సంచే పట్టుకెళ్లండి, తప్పేం లేదు. ముందురోజే ఇంటి బయట తిరగేసి దులపండి. గేటు దగ్గర అడగకముందే మీరే విప్పి చూపించండి. పక్కన మీ పిల్లలు ఉంటారు.