ఎడమ బాక్సు

ప్రొద్దుటూరులో హోం థియేటర్ ఎవడి అంగట్లో కొన్నా, బిగించడానికి మాత్రం అల్లాబక్షే రావాలి. జమ్మలమడుగు నుంచి, పులివెందుల నుంచి కూడా పిలిపించుకునేవాళ్లు. ఆయన పేరంతా ఆయన చెవిదే. బాక్సుల ముందు కుర్చీ వేసుకుని కళ్లు మూసుకుని, "కుడి పక్క రవ్వంత ఎక్కువుంది" అన్నాడంటే ఉన్నట్టే, తిరుగు లేదు. ఆ చెవితోనే ఇల్లు గడిచింది. కూతురు జువేరియా నర్సింగు చదువు కూడా దాని మీదే నడుస్తోంది.

మొన్న పులివెందులలో ఆదినారాయణ రెడ్డి ఇంట్లో కొత్త సెట్టు బిగించాడు. వైర్లు ఎరుపుకు ఎరుపు, నలుపుకు నలుపు కలిపి, పాట పెట్టి కూర్చున్నాడు. ఎడమ బాక్సు పలకలేదు.

"అన్నా, ఇది పని చేయల్యా."

"మోగుతాంది గదప్పా!" అన్నాడు రెడ్డి.

వినడం చేతకానివాళ్లతో ఏం మాట్లాడతాం అనుకున్నాడు అల్లాబక్ష్. రెండు వైర్లూ అటిటు మార్చాడు. తప్పు వైరుదైతే ఇప్పుడు కుడి బాక్సు మూగబోవాలి. పోలేదు. మళ్లీ ఎడమదే.

"బాక్సే పోయిందన్నా. నకిలీ సరుకు అంటగట్టినాడు నీకు."

రెడ్డి ఊరుకుంటాడా! ఫోనందుకుని అంగడివాణ్ణి ఎడాపెడా దులపడం మొదలుపెట్టాడు. ఈలోగా అల్లాబక్ష్ బాక్సులు కూడా అటిటు మార్చి కూర్చున్నాడు. అయినా ఎడమ పక్కే చప్పుడు లేదు. వైరు కాదు, బాక్సు కాదు, ఇంకేముంది? చొక్కా చెమటకు తడిసిపోయింది.

"టీ తీస్కో అన్నా," అంటూ రెడ్డి భార్య పార్వతమ్మ వెనక నుంచి వచ్చింది. గ్లాసు అందుకోవడానికి ఆయన కుర్చీలోనే వెనక్కి తిరిగాడు. అంతే, ఇంతసేపూ మూగగా ఉన్న బాక్సు ఖంగుమని పలికింది. అవతలిది ఆగిపోయింది.

గ్లాసు చేతిలో అట్లాగే ఉండిపోయింది. దర్గా ఉరుసుల్లో, పెళ్లి ఊరేగింపుల్లో బండి మీద పెద్ద బాక్సులకు ఆనుకుని తిరిగిన ఏళ్లన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. "పిలిస్తే పలకవేంది?" అని భార్య మాబున్ని ఎన్నాళ్లుగానో పోరుతుంటే, టీవీ తగ్గించుకోమని ఆమెనే కసిరాడు. ఇంక ఏం పని చేసి బతకాలి?

"రేపే వేరే బాక్సు పంపిస్తాడంట. ఖాయంగా ఇదేనా?" అన్నాడు రెడ్డి ఫోను పట్టుకునే.

అవునంటే ఈ పూటకు గండం గడుస్తుంది. నోటిదాకా వచ్చింది.

"ఫోను పెట్టేయన్నా. వాని తప్పేం లేదు. నా ఎడమ చెవి పోయింది."

రెడ్డి చెడ్డవాడేం కాదు. పాట ఆపేసి, "అయ్యో" అన్నాడు. తర్వాత అడగనే అడిగాడు.

"మల్ల ఈ సెట్టును సరిచేసేటోడు యాడుండాడప్పా?"

నిన్నటిదాకా, కొత్తగా ఈ పనిలోకి దిగిన కుర్రోడు షహబాజ్ బిగించిన సెట్లు చూసి నవ్వేవాడు అల్లాబక్ష్. జేబులోంచి ఫోను తీసి, వాడి నంబరు తానే చదివి చెప్పాడు.